సావుకారును ఎండబెట్టిన వేసవి

స్టూడియో పెట్టుకుంటున్న కుర్రవాళ్ళు ఇప్పటికీ నాకు ఫోను చేసి ఒకే ప్రశ్న అడుగుతారు: "అన్నా, మంచి ఫోటో ప్రింటరు ఏది కొనాల?" నేను ఏ పేరూ చెప్పను. ముందు మీ ఊళ్ళో గోడల మీద ఎండ ఎంతసేపు పడుతుందో చూసి రమ్మంటాను. సగంమంది ఫోను పెట్టేస్తారు. పెట్టనివాళ్ళకు ఈ కథ చెబుతాను. కథ అన్నానని అంతా కోతలే అనుకోవద్దు. కోతలు కొన్ని ఉంటాయి. కళ్యాణదుర్గం ఎండకు మా షాపు షట్టరు మీద దోసె పోసుకున్నామని చెబితే అది కోత. ఆ షట్టరు పట్టుకుని మాతో పనిచేసే భాయ్ చెయ్యి బొబ్బలెక్కిందంటే అది నిజం. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది.

బస్టాండుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక ఫోటో స్టూడియోలో నేను ప్రింటింగు పనివాణ్ణి. చీకటి గదిలో మందునీళ్ళలో వేళ్ళు నానబెట్టి మొదలుపెట్టాను, కంప్యూటరు ముందు నడుము అరగదీసుకుని ముగించాను. ఈమధ్య నా కంటికి ఎరుపూ మెరూనూ ఒకటిగా కనబడటం మొదలయ్యాక, ఏ పెళ్ళికూతురి చీర రంగో మార్చేసి తన్నులు తినకముందే మర్యాదగా తప్పుకున్నాను.

ఆ షాపులో మేం ముగ్గురం. గల్లాపెట్టె దగ్గర సావుకారు, లోపలి గదిలో నేను, గుమ్మం పక్కన చెక్కబల్ల వేసుకుని ఫ్రేములు కట్టే భాయ్. సావుకారు మంచివాడే, కానీ ఖర్చు అనే మాట వింటే ఆయన ముఖం మా ఫోటోల కంటే తొందరగా వెలిసిపోయేది. భాయ్ మాట్లాడేది తక్కువ. మాట్లాడితే మాత్రం ఒక్క దెబ్బకు మేకు లోపలిదాకా దిగేది. షాపు పైన మేడ మీదే సావుకారు ఇల్లు. అక్కడ ఆయన తల్లి ఉండేది. మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. ఆమె మెట్లు దిగి షాపులోకి వచ్చిందంటే సావుకారు కూడా లేచి నిలబడాల్సిందే.

మా వ్యాపారానికి పెళ్ళిళ్ళ కాలం ఒకటైతే పెద్దల అమావాస్య ఇంకొకటి. ఆ రోజు పోయినవాళ్ళకు కొత్త బట్టలు పెట్టి, బతికుండగా వాళ్ళు ఇష్టపడి తిన్నవి వండి, ఫోటో ముందు ఆకు వేస్తారు. అందుకని పండగకు చాలా ముందు నుంచే గోడల మీది పెద్దలంతా కిందికి దిగి, దుమ్ము దులిపించుకుని, సంచుల్లో కూర్చుని, షేరు ఆటోలెక్కి మా షాపుకు వచ్చేవాళ్ళు. అద్దం పగిలినవాళ్ళు, చెదలు పట్టినవాళ్ళు, అగరుబత్తి పొగకు నల్లబడినవాళ్ళు. చెమ్మ పట్టి పాడైనవాళ్ళు మాత్రం ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆ భాగ్యం మా జిల్లాకు ఎక్కడిది!

ఒక ఏడాది వచ్చినవాళ్ళ సంగతి వేరు. అందరూ మేం వేసి ఇచ్చిన ఫోటోలే. అందరూ పచ్చబడి ఉన్నారు.

కారణం నాకు తెలుసు. అంతకు కొన్నేళ్ళ ముందు మా సావుకారు, ప్రింటరుతో వచ్చిన రంగుల కాగితంలో 'నూరేళ్ళు' అన్న ఒక్క మాట చదివి, గుమ్మం పైన 'పెద్దల ఫోటోలు, నూరేళ్ళ గ్యారంటీ' అని బోర్డు రాయించాడు. ఆ నూరేళ్ళు కంపెనీ ఇంకుకు. అదైనా అద్దం వెనక, ఎండ సోకని చల్లని గదిలో ఉంచితేనట. అది కింద సన్న అక్షరాల్లో ఉంది. అలాంటి గది మా తాలూకా మొత్తంలో ఐసు ఫ్యాక్టరీలో తప్ప ఇంకెక్కడా లేదు. పైగా కంపెనీ ఇంకు అయిపోగానే సావుకారు బజారు బుడ్లు తెచ్చి పోయించాడు. ఆ ఇంకులో మొదట చచ్చేది ఎరుపు. ఎరుపు పోయాక మనిషి ముఖంలో మిగిలేది పచ్చదనమే.

ఆ రోజుల్లో వాళ్ళకు సమాధానం చెప్పే పని నాది. "మీ నాయన పైలోకంలో చల్లంగ ఉండాడన్నా, అందుకే పచ్చబడినాడు" అని ఒకాయనకు చెప్పి పంపితే, ఆయన పోతూ పోతూ నాకు టీ కూడా తాగించాడు. కానీ కణేకల్లు దిక్కు పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ దగ్గర నా విద్య పారలేదు.

ఆమె సంచిలోంచి తీసింది భర్త ఫోటో. మనిషికి ముప్పై నిండని రోజుల్లో ఏదో జాతరలో తీయించుకున్నదట. భుజం మీద తువ్వాల, సన్నని మీసం, కెమెరాను చూసి బెదిరిన నవ్వు. ఆయన బతుకంతటికీ దిగిన ఫోటో అదొక్కటే. అసలు కాపీ ఎలుకల పాలైంది. మా కంప్యూటర్లో దాచింది, ఆ కంప్యూటరు కాలిపోయినప్పుడు దాంతోపాటే పోయింది. మేం పెద్దది చేసి కట్టి ఇచ్చిన ఈ పటమే మిగిలింది.

"ఏమప్పా, ఎవురీయప్ప?" అంది.

"నీ మొగుడే గదవ్వా."

"మా ఆయప్ప ఇట్ల ఉండ్లేదు. సొరకాయ మాదిరి చేసినారు."

నేను పైలోకం కథ ఎత్తుకున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "బతికినన్నాళ్ళు చేన్లో ఎండిపోయినోడు, సచ్చినాక యాడ పచ్చగయినాడప్పా? నా తాన చెప్పొద్దు."

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. పటాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి తీయకుండానే చెప్పింది: "ఒకతూరి జరమొచ్చి పోయినాడు. అది దేవుని రాత. ఇంకోతూరి నా గోడమింద, నా కండ్ల ముందర, దినామూ రోంత రోంత పోయినాడు. అది మీ రాత. మూడోతూరి చూసే శక్తి నాకు లేదు. చేస్తే నిలబడేట్ల చెయ్యి. కాకపోతే కాదని చెప్పు, ఇట్లే పెట్టెలో పెట్టుకుంటా."

పైలోకం కథను అక్కడే వదిలేశాను. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు.

భాయ్ పటం అందుకుని వెనక మేకులు ఊడదీశాడు. ఫోటో బయటికి రాగానే, "ఇది చూడన్నా" అన్నాడు. చుట్టూ చెక్క కింద దాగిన అంచు వెలిసిపోలేదు. భుజం మీది తువ్వాల పటమంతా గడ్డిరంగులో ఉంటే, అంచు దగ్గర మాత్రం వేలి మందాన రక్తంలా ఎర్రగా ఉంది.

అవ్వ వంగి చూసింది. "అదే. ఎర్ర తువ్వాల. పెండ్లికి మా నాయన పెట్టింది" అంది. మొదటిసారి ఆమె ముఖం విప్పారింది.

నేను ఆ ఫోటోను జాగ్రత్తగా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. అంచున మిగిలిన ఎరుపును పట్టుకుని ముఖమంతటికీ రంగు తిరిగి తేవచ్చు. అది నా పని, నాకు చేతనవును. కానీ వేసే ఇంకు అదే అయితే మళ్ళీ అదే కథ. ఆ ఇంకుతో ఈ ఫోటో మాత్రం వేయనని సావుకారుకు చెప్పేశాను. సావుకారు కూడా ఆ రోజు ఎదురు చెప్పలేదు. మా ఎదురుగానే ఏసీ పెట్టిన కొత్త స్టూడియో తెరిచారు. పచ్చ పెద్దలను పట్టుకుని జనం ఆ వైపు రోడ్డు దాటడం ఆయనా చూస్తూనే ఉన్నాడు. కొత్త ప్రింటరు కొందాం, వచ్చే పెద్దలమాసకు ఇద్దామన్నాడు.

"ఏడాదంతా పెట్టెలో పెడతా" అంది అవ్వ, పటాన్ని పాత చీరముక్కలో చుడుతూ. "చీకట్లో ఉంటే ఇంకా పోడు గదా?"

"పోడవ్వా" అన్నాను. ఆ సీజను మొత్తంలో నేను గ్యారంటీగా చెప్పిన నిజం అదొక్కటే.

చలికాలం పోతుండగా బెంగుళూరు నుంచి ప్రింటర్ల ఏజెంటు వచ్చాడు. అతని మాట తెలుగులో బయలుదేరి కన్నడంలో దిగేది. రెండు మిషన్ల బొమ్మలు పరిచాడు. ఒకటి ట్యాంకు మిషను. బుడ్డీతో ఇంకు పోసుకోవడమే, ఫోటోకు పడే ఖర్చు చెనక్కాయ పొట్టంత. రెండోది పెద్ద మిషను. చిన్న చిన్న పెట్టెల్లో వరసగా బోలెడు రంగులు, ఎరుపులోనే రెండు, నలుపులోనే రెండు. ఒక్కో పెట్టె ధర చెబుతుంటే సావుకారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"రెండూ ఇంకేగదప్పా?" అన్నాడు.

రెండూ ఇంకే. తేడా ఏమిటో మీకు సులువుగా చెబుతాను. పానకంలో బెల్లం కరిగిపోతుంది. సున్నపు నీళ్ళలో సున్నం కరగదు, సన్నని పొడిగా తేలుతుంటుంది. గోడకు పూస్తే నీళ్ళు పోయి పొడి నిలబడుతుంది. ట్యాంకు మిషనుది పానకం జాతి. రంగు కాగితంలోకి ఇంకి, చూడటానికి నిగనిగలాడుతుంది, ఎండ తగిలితే పారిపోతుంది. పెద్ద మిషనుది సున్నం జాతి. దాన్ని పిగ్మెంట్ ఇంకు అంటారు. రంగు పొడి కాగితం మీద కూర్చుంటుంది, లేవమన్నా తొందరగా లేవదు.

ఏజెంటు కూడా దాచకుండానే చెప్పాడు: "సార్, మిషను ఒక సల కొంటారు, ఇంకు దినా కొంటారు. రెండూ చూసి లెక్క వేసుకోండి." ఇప్పటికీ నేను కుర్రవాళ్ళకు చెప్పేది అదే. ప్రింటరు ధర పెళ్ళి ఖర్చు, ఇంకు ధర కాపురం ఖర్చు.

సావుకారు మనసు అప్పుడే ట్యాంకులో పడిపోయింది. నేనూ భాయ్ పట్టుబట్టాం. మాటలు వద్దు, ఒకే ఫోటోను రెండు మిషన్ల మీదా వేయించి మన ఎండలో పెట్టి చూద్దాం, సగం కప్పేసి సగం వదిలేద్దాం అన్నాను. అవ్వ పటం అంచు నేర్పిన ఉపాయమే అది. ఏ ఫోటో అని ప్రశ్న వచ్చింది. అవ్వ భర్తదే పంపుదామన్నాను. సావుకారు చెంపలు వేసుకున్నాడు. "పోయినోళ్ళను ఎండబెడతారేమప్పా? పాపం చుట్టుకుంటాది. నాది పంపు."

అలా ఆయన ఫోటో వెళ్ళింది. ఎర్ర చొక్కా, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, చేతిలో కెమెరా. బెంగుళూరు నుంచి బస్సు పార్సిల్లో ఇద్దరు సావుకార్లు వచ్చారు. పక్కపక్కన పెడితే నేనే తేడా చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే పానకం సావుకారే కొంచెం అందంగా ఉన్నాడు. ఏజెంటు మృగశిర కార్తె రాగానే ఆర్డరు కోసం వస్తానన్నాడు.

మేడ పైన డాబా మీద మెట్లగదికి పడమటి గోడ ఉంది. మధ్యాహ్నం నుంచి పొద్దు కుంకేదాకా ఎండంతా అక్కడే కాపురం చేస్తుంది. ఒక పలకకు రెండు ఫోటోలనూ నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించాం. ఒక్కోదానికీ ఎడమ సగం మీద నల్ల కాగితం అంటించాం. పైన భాయ్ అద్దం బిగించాడు. కోతులు పీకేయకుండా నల్ల గుడ్డ ఒకటి వేలాడదీసి, పక్కన ఎండుమిరపకాయల దండ కట్టాను. వారం వారం ఎంత వెలిసిందో గుర్తుకోసం పలక అంచుల మీద ఎర్ర పెన్సిలుతో గీతలూ అంకెలూ వేసేవాణ్ణి. పెద్దమ్మకు మాత్రం చెప్పలేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, డాబా ఎక్కేది కాదు. కొత్త మిషను మాట వింటే ఖర్చు మీద వంద ప్రశ్నలు వేస్తుందని సావుకారు భయం.

ఆ ఏడు ఎండలు మామూలువి కావు. ఎగిరే కాకి నీడలో ఇంకో కాకి ఎగిరేది. (ఇది కోతే.) సావుకారు రోజూ ఎవరూ చూడకుండా మెట్లెక్కి తన మొహాలు చూసుకుని దిగేవాడు. వారాలు గడిచేకొద్దీ పానకం సావుకారు కుడి సగం పాలిపోయింది, తర్వాత పచ్చబడింది, తర్వాత బొట్టు సగం మాయమైంది. సున్నం సావుకారు మాత్రం పంచాయితీకి కూర్చున్నట్టు కూర్చునే ఉన్నాడు.

ఇంత చూశాక కూడా మనిషి మారాడా? లేదు. ఏజెంటు వచ్చే రోజు పొద్దున సావుకారు నన్ను పిలిచి, "చూడప్పా, ఎవురన్నా పటాన్ని డాబామింద పెడతారా? ఇంట్లో పెడతారు. ట్యాంకు మిషనే తీసుకుందాం" అన్నాడు.

"మరి అవ్వకు ఏం చెప్తామన్నా?"

"నీడలో పెట్టుకోమని చెప్తాం."

భాయ్ సుత్తి ఆపి నా వైపు చూశాడు. నేను లోపలికి పోయి కూర్చున్నాను. కంప్యూటర్లో అవ్వ భర్త ఎర్ర తువ్వాలతో సిద్ధంగా ఉన్నాడు. పానకంలో ముంచడానికి.

ఏజెంటు వచ్చాడు. టీ వచ్చింది. సావుకారు గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు పైనుంచి ఒక కేక. కళ్యాణదుర్గం బస్టాండులో బయలుదేరబోతున్న బస్సు కూడా ఆగిందంటారు, నేను చూడలేదు.

పెద్దమ్మకు ఆ రోజు మోకాళ్ళు నయంగా ఉండి, మజ్జిగ మిరపకాయలు ఎండబెడదామని ఎన్నాళ్ళకో డాబా ఎక్కింది. ఎక్కిన ఆమెకు కనబడింది ఏమిటంటే, కన్న కొడుకు ముఖానికి నాలుగు మూలలా మేకులు. సగం ముఖానికి నల్ల కాగితం. రెండో సగంలో బొట్టు లేదు, రక్తం లేదు. పక్కన నల్ల గుడ్డ, మిరపకాయల దండ. చుట్టూ ఎర్రటి గీతలు, అంకెలు. అలాంటి ఏర్పాటు చూసి ప్రింటరు పరీక్ష అని ఏ తల్లయినా ఎందుకు అనుకుంటుంది?

పలకను చంకలో పెట్టుకుని షాపులోకి దిగింది. నొప్పులున్న మనిషిలా దిగలేదు.

"ఎవుర్రా ఇది చేసింది? నా బిడ్డకు మేకులు కొట్టినారు! బొట్టు చెరిపినారు! అందుకేనా నెలనాళ్ళుగా కూడు సరిగ్గా తినకుండా ఊరికే మెట్లెక్కి దిగుతాండాడు, పిలిచినట్ల!"

ఏజెంటు టీ గ్లాసుతో సహా లేచి నిలబడ్డాడు. పెద్దమ్మ చూపు రోడ్డు దాటి ఎదుటి స్టూడియో మీద పడింది.

"తెలిసింది. వాడే. మన గిరాకీ చాలక నా కొడుకే కావాల్సొచ్చినాడు వానికి. చేతబడి చేసినోని చెయ్యి ఇరుస్తా ఉండు" అని గుమ్మం దిగింది. చేతిలో పలక, పలక మీద ఇద్దరు కొడుకులు.

"మా! ఆగు మా! మేమే కొట్టినాం!" అని సావుకారు అరిచాడు.

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. "నీకు నువ్వే చేతబడి చేసుకున్యావా?"

"చేతబడి కాదు పెద్దమ్మా, ఇంకు పరీక్ష" అన్నాడు భాయ్. ఆమె వెనక్కి వచ్చి పలకను బల్ల మీద పడేసింది. నేను అద్దం తీసి, నల్ల కాగితాలు ఊడదీసి మొత్తం చెప్పాను. ఇది ఈ మిషనుది, అది ఆ మిషనుది. ఎడమ పక్క నీడ, కుడి పక్క ఎండ.

పానకం కొడుకును చూసింది. నిలువునా చీలినట్టు ఎడమ సగం మనిషి, కుడి సగం సొరకాయ. సున్నం కొడుకును చూసింది. గీత కూడా కనబడలేదు.

"మరి ఏది కొంటాండావు?"

సావుకారు నేల చూపులు చూస్తూ పానకం వైపు వేలు పెట్టాడు. "ఇంకు ఖర్చు తక్కువ మా. అయినా పటాలు ఎండలో పెడతారా ఎవురన్నా..."

"మన ఇండ్లల్లో ఎండ రాని గోడ యాడుండాది రా?" అంది పెద్దమ్మ. "పల్లెల్లో వాకిలికి ఎదురుగ్గానే గదా పటం పెట్టేది, లోపలికి వచ్చేటోళ్ళకు పెద్దోళ్ళు కనపడాలని. ఆ కణేకల్లామె పోయినేడు ఏం చెప్పిందో నాకు తెలీదనుకున్యావా? పైన కూచోని అంతా ఇన్యా. నీ మొగం పోతే నువ్వుండావు, ఇంకోటి తీసుకుంటావు. ఆయమ్మ మొగునికి ఇంకో మొగం యాడ తెస్తావు?"

ఏజెంటు గ్లాసు కింద పెట్టి రసీదు పుస్తకం తీశాడు. సావుకారు పెద్ద మిషను బొమ్మ మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, "ఇదే రాసుకో" అన్నాడు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. కానీ పెళ్ళి అయ్యింది, కాపురం మిగిలింది. మిషను వచ్చిన కొత్తలో సావుకారు ఇంకు ఆదా చేద్దామని పని కాగానే ప్లగ్గు పీకేసేవాడు. మళ్ళీ పెట్టగానే ఆ మిషను గొంతు సవరించుకున్నట్టు గుర్రుమని, ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు కడుక్కోవడానికి బోలెడు ఇంకు మింగేది. కరెంటు పోయి వచ్చినా అంతే. మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు చెప్పాలా? ఫోటోలు వేయకుండానే ఇంకు తగ్గిపోతుంటే సావుకారు నా మీద అనుమానపడ్డాడు, నేను ఇంటికి తీసుకుపోయి ఏం చేసుకుంటానో తెలియదు గానీ. చివరికి నేను మిషను కింద వాడేసిన ఇంకు చేరే పెట్టె ఊడదీసి చూపించాను. లోపలి దూది నల్లగా బరువెక్కి ఉంది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని బరువు చూశాడు. "ఆదా చేసిందంతా ఈడ దాచిపెట్టినావా అన్నా?" అన్నాడు భాయ్.

అప్పటి నుంచి ప్లగ్గు పీకలేదు, యూపీఎస్ పెట్టాం. రోజూ పొద్దున అన్ని రంగులూ ఉండే చిన్న ఫోటో ఒకటి వేసేవాణ్ణి, అంటే మిషను ముక్కు రంధ్రాలు ఆరిపోకుండా రోజూ ఒక చుక్క. మా గాలికి పచ్చి మట్టే గంటలో పెంకు అవుతుంది, ఇంకు ఏపాటి! అందుకని మిషను పక్కన నీళ్ళ కడవ పెట్టి, మీద తడి గోనెపట్టా కప్పాం. గిరాకీలు చూసి గొణిగేవాళ్ళు: "మాకు తాగేకే ట్యాంకరు రాలేదు, దీనికి కడవ నీళ్ళా?" ఆయుధపూజకు పెద్దమ్మ కడవకూ మిషనుకూ కలిపే కుంకుమ పెట్టింది.

ఖర్చు రాబట్టడానికి సావుకారు ఫోటో ధర పెంచాడు. పెంచితే జనం అడుగుతారు కదా ఎందుకని. ఆ పలక మీది రెండు ఫోటోలకూ భాయ్ ఒకే ఫ్రేము కట్టి గల్లాపెట్టె పైన తగిలించాడు, చూసి అర్థం చేసుకుంటారని. మేం మరిచిపోయిందేమిటంటే, మా వైపు గోడ మీద ఫ్రేములో ఒంటరిగా మనిషి ఉన్నాడంటే పోయినట్టే లెక్క. వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి, పటానికి దణ్ణం పెట్టి, కింద కూర్చున్న సావుకారును, "పాపం, మీ అన్ననా? ఎప్పుడు పోయినాడు?" అని అడిగేవాళ్ళు.

భాయ్ తల ఎత్తకుండానే చెప్పేవాడు: "సగమే పోయినాడు. మిగతా సగం పెద్ద మిషను కాపాడింది."

ఆ పెద్దల అమావాస్యకు అవ్వ వచ్చింది. కొత్త పటం చేతిలో పెట్టాను. ఎర్ర తువ్వాల, సన్నని మీసం, బెదిరిన నవ్వు. ఆమె కళ్ళు తుడుచుకుంటుందనీ, నన్ను దీవిస్తుందనీ నేను కొంచెం ముందుకు వంగి సిద్ధంగా నిలబడ్డాను. ఆమె పటాన్ని వెలుతురుకు తిప్పి తిప్పి చూసి, "బాగుండాడు. కానీ నువ్వు చెప్పొద్దు, నా గోడ చెప్తాది" అని సంచిలో పెట్టుకుని పోయింది.

తర్వాత ప్రతి ఏడూ పెద్దల అమావాస్యకు ముందు నేను గుమ్మం వైపు చూస్తూనే ఉండేవాణ్ణి. ఆమె రాలేదు. రాకపోతే బాగున్నట్టా, లేక విసిగిపోయి ఎదుటి స్టూడియోకు పోయినట్టా, తెలిసేది కాదు. ఇంకు సంగతి చెప్పే గోడ కణేకల్లు దిక్కున ఉంది, నేనేమో ఇక్కడ ఉన్నాను.

నేను మానేయడానికి కొంచెం ముందు ఒక మధ్యాహ్నం, అదే సంచితో ఆమె గుమ్మంలో నిలబడింది. బాగా వంగిపోయింది. సంచిలోంచి పటం తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. భాయ్ సుత్తి ఆగిపోయింది. నేను పటాన్ని తిప్పాను.

ఎర్ర తువ్వాల ఎర్రగానే ఉంది. మీసం నల్లగానే ఉంది. భాయ్ వెనక మేకులు తీసి అంచు చూశాడు. అంచుకూ ముఖానికీ తేడా నా కంటికే కాదు, అతని కంటికీ దొరకలేదు.

"మరి ఏం కష్టమొచ్చిందవ్వా?" అన్నాను.

"కష్టమే అప్పా. ఆయప్ప రోంత కూడా మారలేదు, నేను ముసలిముండనైపోతి. మొన్న పండక్కి పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు చూసి, 'నీ మనవడా అవ్వా, భలే ఉండాడు' అనె. నేను పోయినాక ఆయప్ప పక్కన నా ఫోటో పెడితే జనం ఏమనుకుంటారు? దానికే ఇప్పుడే ఒకటి తీయించుకుందామని వచ్చినా. నన్ను రోంత పడుచుదాన్ని చెయ్యి."

నాలోని కొంటెతనం ఊరుకోలేదు. "నిన్ను ఎందుకవ్వా కష్టపెట్టేది? ఆయప్పకే నాలుగు తెల్ల వెంట్రుకలు పెట్టి ముసలోణ్ణి చేస్తా. సరిపోతాది గదా?"

ఆమె పటాన్ని లాక్కుని గుండెకు ఆనించుకుంది. "ఆయప్ప జోలికి పోవద్దు" అంది. "వచ్చినోడు వచ్చినట్ల ఉండనీ. అబద్ధాలు చెప్పేది నీకు బాగ చేతనయితాది గదా, అయ్యి నా మొగమింద చెప్పు."

కుర్చీలో కూర్చోబెట్టాను. కొంగు సవరించుకుని, కెమెరాను చూసి అచ్చం ఆయనలాగే బెదిరి నవ్వింది. ఆ ఫోటోలో ముడతలు తీయడానికి నాకు ఒక పూట పట్టింది. ఇంకు ఎంత పట్టిందో సావుకారు అడగలేదు.